చీకటిలో వెలుగును గీసినవాడు: గుస్తావ్ డోరే జీవితం

విక్టోరియా రాణి పరిపాలనాకాలంలో ఇంగ్లండు దేశపు క్రైస్తవ గృహాలలో ఆదివారం నియమనిష్ఠలతో గడిచే దినం. ఆటబొమ్మలు, కథల పుస్తకాలు ఆనాడు అలమారలోనే ఉండేవి. అయితే ఆరాధన నుండి వచ్చి భోజనం ముగించిన తరువాత పిల్లలకు ఒక అనుమతి లభించేది. బల్లమీద ఉన్న పెద్ద బైబిలును జాగ్రత్తగా విప్పి అందలి బొమ్మలు చూడవచ్చును. 1866 తరువాత ఎన్నో కుటుంబాలలో ఆ బల్లమీదికి చేరిన గ్రంథాన్ని ప్రజలు చిత్రకారుని పేరుతోనే పిలుచుకొన్నారు. అది డోరే బైబిలు.

ఆ చిత్రాలను గీసిన గుస్తావ్ డోరే ఆంగ్లేయుడు కాడు, ప్రొటెస్టంటు కాడు, ఏ చిత్రకళాశాలలోనూ క్రమంగా శిక్షణ పొందినవాడు కాడు. ఆంగ్లభాష ఆయనకు అంతంతమాత్రమే వచ్చును. అయినప్పటికీ పరిశుద్ధ గ్రంథంలోని సన్నివేశాలను తలచుకొన్నప్పుడు ఒక తరపు ఆంగ్లేయ క్రైస్తవులలో అనేకుల కన్నులముందు నిలిచినవి ఆయన గీసిన కొండలు, ఆయన గీసిన మేఘాలు, ఆయన గీసిన జనసమూహాలే. ఇంతటి ఘనత దొరికినా ఆయన హృదయం తృప్తినొందలేదు. తాను కోరినది చేతికందక, తాను తక్కువగా ఎంచినదే లోకానికి మేలుగా మిగిలిన మనుష్యుని కథ ఇది.

దేవాలయ గోపురపు నీడలో

డోరే 1832 జనవరి 6న ఫ్రాన్సు దేశపు తూర్పు సరిహద్దులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో జన్మించాడు. తండ్రి వంతెనలు, రహదారులు నిర్మించే ప్రభుత్వశాఖలో ఇంజనీరు. ముగ్గురు కుమారులలో గుస్తావ్ రెండవవాడు. వారి ఇంటికి సమీపంలోనే ఆ నగరపు మహాదేవాలయం ఉండేది. ఆకాశాన్నంటే గోపురం, ఎత్తైన స్తంభాలు, సాయంకాలపు వెలుగు కిటికీలగుండా ఏటవాలుగా రాతినేలపై పడే తీరు, ఇవి ఆ బాలుని కన్నులలో నాటుకొనిపోయినవి. సెలవు దినాలలో తిరిగిన వోజ్ పర్వతాల దేవదారు అడవులు, లోయలు, కొండకొమ్ములు కూడా అట్లే ఆయన జ్ఞాపకంలో నిలిచినవి. తరువాత ఆయన గీసిన సీనాయి కొండలోను, నరకపు లోయలలోను ఆ చిన్ననాటి అడవులే రూపం మార్చుకొని కనిపిస్తాయి.

ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయంలో తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం బూర్గ్ అనే పట్టణానికి మారింది. బడిపుస్తకాల అంచులన్నీ ఆ బాలుని బొమ్మలతో నిండేవి. కుమారుడు ఇంజనీరు కావాలని తండ్రి ఆశ. తల్లి మాత్రం అతని చేతిలో ఉన్నది సామాన్యమైన వరం కాదని నమ్మింది. ఆ తల్లి నమ్మకమే ఆయనకు జీవితాంతం అండగాను, కొంతమేరకు సంకెలగాను ఉండినది.

1847లో తల్లిదండ్రులతో పారిస్ నగరానికి వచ్చినప్పుడు పదిహేనేండ్ల డోరే తన బొమ్మలను తీసుకొని షార్ల్ ఫిలిపాన్ అనే ప్రసిద్ధ ప్రచురణకర్త వద్దకు వెళ్లాడు. ఫిలిపాన్ ఆ బొమ్మలను చూచి బాలుని విడిచిపెట్టలేదు. 1848లో తండ్రి సంతకంతో మూడు సంవత్సరాల ఒప్పందం కుదిరింది. ఒకవైపు పారిస్‌లో చదువు, మరొకవైపు వారంవారం హాస్యపత్రికకు బొమ్మలు. 1849లో తండ్రి మరణించాడు. సంపాదనభారం ఇంకా మీసాలు రాని ఆ కుమారునిమీద పడింది. తల్లితో కలసి సెయింట్ డొమినిక్ వీధిలోని ఇంటిలో ఆయన కాపురముండి, పెండ్లిచేసికొనక, ఆమె బ్రదికినంతకాలం ఆమె నీడనే గడిపాడు.

కొయ్యమీద పుట్టిన వెలుగు

ఆ కాలంలో పుస్తకాలలో బొమ్మలు అచ్చువేసే పద్ధతి తెలిసికొంటేనేగాని డోరే చేసిన కార్యం అర్థంకాదు. బాక్స్‌వుడ్ అనే మిక్కిలి గట్టి కొయ్యను అడ్డంగా కోసి నున్నగా చేసి దిమ్మలుగా తయారుచేసేవారు. ఆ చెట్టు పెద్దది కాదు గనుక పెద్ద బొమ్మకు కావలసిన దిమ్మను చిన్నచిన్న ముక్కలు బిగించి కూర్చవలసి వచ్చేది. చిత్రకారుడు ఆ దిమ్మమీదనే బొమ్మ గీసేవాడు. చెక్కేవాడు తెల్లగా ఉండవలసిన భాగాలను సన్నని ఉలితో తొలగించేవాడు. మిగిలిన ఉబ్బెత్తు గీతలకు సిరా పూసి అచ్చొత్తేవారు. చెక్కడం పూర్తి అయ్యేసరికి చిత్రకారుడు స్వహస్తంతో గీసిన బొమ్మ మిగిలేది కాదు. అది నశించిన తరువాతనే ముద్రితచిత్రం పుట్టేది.

పూర్వపు చిత్రకారులు కలంతో గీతలు గీయగా చెక్కేవారు ఆ గీతలను ఉన్నవి ఉన్నట్లుగా నిలిపేవారు. డోరే ఈ అలవాటును మార్చాడు. ఆయన కుంచెతో సిరానీడలు అలికి, వాటిమీద తెల్లరంగుతో వెలుగులను ఎత్తిచూపేవాడు. దిమ్మమీద గీతలు ఉండవు, నీడలు మాత్రమే ఉంటాయి. ఆ నీడలను ఎటువంటి గీతలుగా మార్చవలెనో చెక్కేవాడే నిర్ణయించుకోవాలి. ఇట్టి పనికి బుద్ధి, కన్ను, చేయి మూడును కావలెను. ఏలియోడోర్ పిసాన్, పానమేకర్ మొదలైన నేర్పరులు ఆయన భావాన్ని గ్రహించి పనిచేశారు. నాటి ముద్రణలను పరిశీలిస్తే అడుగున ఒక ప్రక్క డోరే పేరు, మరొక ప్రక్క చెక్కినవాని పేరు కనిపిస్తాయి. ఆ రెండవ పేరును చదివే పాఠకులు కొద్దిమందే. అయినా ఆ చేతులు లేకుండ డోరే చూపిన వెలుగు పుస్తకపు పుటకు చేరేది కాదు.

1854లో రాబ్లే గ్రంథానికి, 1855లో బాల్జాక్ కథలకు వేసిన బొమ్మలు డోరేకు పేరు తెచ్చినవి. అయితే ఆయన హాస్యచిత్రకారునిగా నిలిచిపోదలచలేదు. లోకంలోని మహాగ్రంథాలన్నిటిని పెద్ద పరిమాణంలో, విలువైన ముద్రణలో చిత్రించవలెనని సంకల్పించి, డాంటే కవి రచించిన నరకవర్ణనతో ప్రారంభించాడు. అంత ఖరీదైన పుస్తకాన్ని ఎవరు కొంటారని హషెట్ ప్రచురణసంస్థ వెనుదీసింది. డోరే ముద్రణఖర్చు తానే భరించాడు. 1861లో ఆ గ్రంథం వెలువడగానే చిత్రకారుని ధైర్యమే గెలిచింది. అదే సంవత్సరం ఫ్రాన్సు ప్రభుత్వం ఆయనకు గౌరవపతకం ప్రదానం చేసింది. అప్పటికి ఆయన వయస్సు 29 సంవత్సరాలు. 1863లో డాన్ క్విక్సోట్ వెలువడింది. ఆ తరువాత ఆయన బైబిలు చేతపట్టాడు.

డోరే బైబిలు

తూర్ నగరంలోని మామ్ సంస్థ ప్రచురించిన ఆ ఫ్రెంచి బైబిలు 1866వ సంవత్సరపు తేదీతో రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది. అందులో 220కి పైగా పూర్తిపుట చిత్రాలు ఉన్నవి. అది రోమన్ కథోలికుల అనువాదం. అయితే దిమ్మలనుండి విద్యుత్తు సహాయంతో రాగినకళ్లు తీసే పద్ధతి అప్పటికే వాడుకలో ఉన్నందున ఒక దేశంలో చెక్కిన చిత్రాలను మరొక దేశంలోనూ అచ్చువేయడం సాధ్యమైనది. లండనులోని కాసెల్ సంస్థ ఆ చిత్రాలను ఇంగ్లీషు అనువాదంతో కలిపి, సామాన్య కుటుంబాలు కూడా కొంచెం కొంచెంగా కొనుక్కొనేలా విడిభాగాలుగా విడుదల చేసింది. ఆ సంస్థను స్థాపించిన జాన్ కాసెల్ వడ్రంగిగా బ్రతుకు ప్రారంభించి, మద్యపాన నిషేధాన్ని ప్రకటిస్తూ దేశమంతా తిరిగి, పనివారికి చవకగా మంచి పుస్తకాలు అందించడానికి పూనుకొన్నవాడు. డోరే బైబిలు వెలువడే సమయానికి ఆయన లేడు, 1865లోనే మరణించాడు.

ఈ విధంగా కథోలిక చిత్రకారుడు కథోలిక ప్రచురణకర్త కొరకు గీసిన బొమ్మలు ప్రొటెస్టంటుల కుటుంబప్రార్థన బల్లమీదికి వచ్చినవి. దేవాలయంలో విగ్రహమన్నా చిత్రపటమన్నా అనుమానంతో చూచే ఆంగ్లేయ విశ్వాసులు, గ్రంథపు పుటల మధ్య ఉన్న చిత్రాన్ని అభ్యంతరం లేకుండ అంగీకరించారు. దానిముందు ఎవరును మోకరించరు. పుట త్రిప్పగానే మరల వాక్యమే ఎదుట నిలుస్తుంది. చిత్రం వాక్యానికి యజమానికాక పరిచారకుడైనంతకాలం దానికి స్థలమున్నదని వారు భావించారు.

క్షణాన్ని ఎన్నుకొనే నేర్పు

డోరే సంగీతప్రియుడు, వయొలిన్ చక్కగా వాయించేవాడు, నాటకశాలలంటే ఆయనకు ఎంతో మక్కువ. రంగస్థలం నేర్పిన మెలకువలు ఆయన చిత్రాలలో స్పష్టంగా కనిపిస్తాయి. వెలుగు సాధారణంగా ఒకే దిక్కునుండి వస్తుంది. ముందుభాగం చీకటిగా ఉండి, మధ్యలో వెలుగు విరిసి, వెనుక కొండలో మేఘాలో మరల మసకబారుతాయి. చూచేవాని కన్ను ఎటు పోవలెనో ఆ వెలుగే నిర్ణయిస్తుంది. మనుష్యులు చిన్నవారు, చుట్టుపట్ల ఉన్న ప్రకృతి అపారం. బబేలు గోపురపు చిత్రంలో మేఘాలలోకి మెలికలు తిరుగుతూ పోయే కట్టడం ముందు మానవులు చీమలవలె ఉంటారు. గర్వానికి తీర్పు పలుకడానికి అక్కడ మెరుపు కూడా అవసరంలేదు. ఆ పరిమాణభేదమే తీర్పు.

అయితే డోరే గొప్పతనం పరిమాణంలోకంటె క్షణాన్ని ఎన్నుకొనడంలో ఎక్కువగా ఉన్నది. ఒక సంఘటనలో ఏ నిమిషాన్ని చిత్రించవలె? అబ్రాహాము విశ్వాసపరీక్షను చిత్రించే చాలామంది కత్తి ఎత్తిన చేతిని, దానిని ఆపే దూతను చూపించారు. డోరే అంతకు ముందటి ఘడియను ఎన్నుకొన్నాడు. కట్టెలమోపు క్రింద వంగిన కుమారుడు, వెంట నడిచే తండ్రి, ఎదుట కొండ. ఏమి జరుగనున్నదో తండ్రికి తెలుసు, కుమారునికి తెలియదు. ఆ మౌనపు నడకలోని వేదన ఎత్తిన కత్తిలో లేదు.

జలప్రళయపు చిత్రంలో నీళ్లమధ్య ఒక్క బండ మిగిలింది. దాని పైభాగాన ఒక పులి తన పిల్లతో ఉంది. దాని చెంతకే మునిగిపోతున్న తల్లిదండ్రులు తమ పసివారిని ఎక్కిస్తున్నారు. మృగమును నరుడును ఒకే బండమీద చేరినచోట కోపం లేదు, వేట లేదు. బిడ్డలను కాపాడుకొనే ఆరాటం మాత్రమే ఉంది. చిన్నతనంలో ఆ పుటను చూచినవారు నోవహు కథను ఓడ లోపలినుండి మాత్రమే వినడం ఇక సాధ్యంకాదు. వెలుపల ఉన్నవారు కూడా మనుష్యులేనని ఆ చిత్రం బోధిస్తుంది.

యాకోబు పెనుగులాటలో యాకోబు శరీరమంతా బిగిసి ఉండగా దూత ప్రశాంతంగా ఉంటాడు. బలం ఎవరిదో ఆ రెండు దేహాల భేదమే చెప్పుతుంది. అరణ్యంలో హాగరు చిత్రంలో రాళ్లు, శూన్యం, పడియున్న బాలుడు, పైకెత్తిన తల్లి చేతులు తప్ప మరేమియు లేవు. ఆ చేతులు ఎత్తిన దిక్కుననే జవాబు ఉన్నదని చదువరి గ్రహిస్తాడు.

లోపాలు లేవని కాదు. అతివేగంగా, అత్యధికంగా గీసినందున ఒకే ముఖం, ఒకే భంగిమ అనేకచోట్ల పునరావృతమైనవి. తీర్పును, తుపానును, నాశనాన్ని చిత్రించేటప్పుడు ఆయన చేయి ఎంత సహజంగా సాగేదో, గలిలయలో నడిచిన ప్రభువు సాత్వికాన్ని చూపవలసి వచ్చినప్పుడు అంతగా తడబడేది. సువార్తల చిత్రాలలో చుట్టునున్న జనం సజీవులు. మధ్యనున్న ప్రభువు కొన్ని మార్లు మాత్రం పూర్వచిత్రకారులనుండి ఎరువు తెచ్చుకొన్న రూపంగా నిలుస్తాడు. హోరేబులో ఏలీయాకు ప్రభువు గాలిలోను, భూకంపంలోను, అగ్నిలోను ప్రత్యక్షం కాలేదు. డోరేకు ఆ మూడును బాగుగా వచ్చును. వాటి తరువాతి నిమ్మళమైన స్వరాన్ని గీయడం ఆయన ఇంకా నేర్చుకొనవలసి ఉండినది.

బాండ్ వీధిలో

1866లోనే మిల్టన్ మహాకావ్యానికి ఆయన గీసిన 50 చిత్రాలను కాసెల్ సంస్థ వెలువరించింది. లండనులో ఆయన పేరు మారుమ్రోగింది. అయితే డోరే కోరినది పుస్తక చిత్రకారుడన్న పేరు కాదు. రంగులతో పెద్ద తెరలపై చిత్రించి మహాచిత్రకారుల పంక్తిలో కూర్చుండవలెనన్నది ఆయన ఆశ. పారిస్ విమర్శకులు ఆయన వర్ణచిత్రాలను పుస్తకపు బొమ్మలను పెద్దవిచేసి రంగు పూసినట్లున్నవని తేలికచేశారు. ఆ మాట ఆయన హృదయంలో ముల్లయింది. ఇంగ్లండులో రస్కిన్ పండితుడు సైతం ఆయన కల్పనను తీవ్రంగా ఖండించాడు.

అయితే లండను ప్రజలు వేరుగా తలచారు. అక్కడి న్యూ బాండ్ వీధిలో డోరే చిత్రాలకొరకే ఒక ప్రదర్శనశాల వెలసి, 1892 వరకు నడిచింది. బోధకులు, సండేస్కూలు ఉపాధ్యాయులు, గ్రామాలనుండి వచ్చిన కుటుంబాలు రుసుము చెల్లించి లోపలికి పోయి, దీపపు వెలుగులో నిశ్శబ్దంగా నిలుచుండేవారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీకి చెందిన రెవరెండు హార్ఫర్డ్ వంటి దైవసేవకులు ఆయనకు ఆప్తమిత్రులైరి.

ఆ శాలలో అందరిని ఆకర్షించినది ప్రేతోర్యమునుండి వెలుపలికి వచ్చుచున్న క్రీస్తు చిత్రం. 1867లో మొదలుపెట్టి 1872లో ముగించిన ఈ పటం దాదాపు 6 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల వెడల్పు గలది. మధ్యలో మెట్లమీదుగా ధవళవస్త్రాలతో ప్రభువు ఒంటరిగా దిగుతున్నాడు. ఇరుప్రక్కల సైనికులు, అధికారులు, కేకలువేసే జనం. క్రింద సిలువ వేచియున్నది. అంత జనసమ్మర్దంలోను ఆయన చుట్టు కొంత నేల ఖాళీగా ఉన్నది. ఎవరును ఆయనను సమీపించరు. ఇక్కడ చిత్రకారుడు ఉరుమును, మెరుపును ఆశ్రయించలేదు. ఒక తెల్లని వస్త్రం, దాని చుట్టునున్న శూన్యం చాలినవి.

ఈ పటం పూర్తికాక మునుపే ఫ్రాన్సుకు యుద్ధం వచ్చింది. 1870లో పారిస్ ముట్టడి జరుగుతుండగా డోరే నగరరక్షకదళంలో చేరాడు. 1871లో ఆయన జన్మస్థలమైన స్ట్రాస్‌బర్గ్ జర్మనీ వశమైనది. ఆ గాయం ఆయనకు మానలేదు.

లండను వీధులలో

యుద్ధానికి ముందే బ్లాంచర్డ్ జెరాల్డ్ అనే పాత్రికేయుడు లండను నగరాన్ని గురించి ఒక గ్రంథం తలపెట్టి డోరేను పిలిచాడు. ఇద్దరును మాసిన దుస్తులు ధరించి, కొన్ని రాత్రులు పోలీసు రక్షణతో, బీదల పేటలు, రేవులు, రాత్రి ఆశ్రయాలు తిరిగారు. డోరే అక్కడికక్కడ గీసినది తక్కువ. చిన్నపుస్తకంలో గుర్తులు వ్రాసికొని, తక్కినది జ్ఞాపకంతో పూరించేవాడు. 1872లో 180 చిత్రాలతో ఆ గ్రంథం వెలువడినప్పుడు దరిద్రులనే ఎక్కువగా చూపించాడని కొందరు ఆంగ్లేయులు నొచ్చుకొన్నారు.

అందులో ఒక చిత్రం విశేషంగా చెప్పదగినది. రాత్రి ఆశ్రయంలో ఇల్లులేని పురుషులు శవపేటికలను పోలిన ఇరుకైన పడకలలో వరుసగా పడుకొని ఉండగా, మధ్యలో ఒక వాక్యపాఠకుడు నిలిచి లేఖనం చదువుతున్నాడు. కొందరు వింటున్నారు, కొందరు అలసి ఉన్నారు. దేవదూతలు లేరు, చీలిన ఆకాశం లేదు. తన బైబిలు చిత్రాలు ఎవరికొరకో ఆ గ్రంథాన్ని ఇక్కడ ఎవరు వినుచున్నారో డోరే కన్నులార చూశాడు. న్యూగేటు చెరసాల ఆవరణలో ఖైదీలు గుండ్రంగా నడిచే చిత్రం కూడా ఆ పుస్తకంలోనిదే. 1890లో వాన్ గో అనే చిత్రకారుడు మానసిక చికిత్సాలయంలో ఉండగా దానినే రంగులలో మరల చిత్రించుకొన్నాడు.

కన్నీటి లోయ

1876లో కోల్‌రిడ్జ్ కవి వృద్ధనావికుని గాథను డోరే స్వంత ఖర్చుతో ముద్రించాడు. అందలి మంచుకొండలు, నిశ్చలసముద్రం ఆయన ఉత్తమ చిత్రాలలోనివి. కాని పెట్టిన సొమ్ము వెంటనే తిరిగి రాలేదు. శిల్పకళలో కూడా కృషిచేసి, ప్రతిఫలం తీసికొనక రచయిత అలెగ్జాండర్ డ్యూమా స్మారకశిల్పాన్ని రూపొందించాడు. షేక్‌స్పియరు నాటకాలన్నిటిని చిత్రించవలెనని ఆరంభించాడు గాని అది నెరవేరలేదు.

1881 మార్చిలో తల్లి మరణించింది. భోజనపు బల్లయొద్ద, పనిగదిలో, విజయంలో, అవమానంలో వెన్నంటి ఉన్న ఆమె లేని ఇంటిలో ఆయన కుదురుకొనలేకపోయాడు. ఆ దుఃఖకాలంలోనే తన చివరి గొప్పపటం ప్రారంభించాడు. దానికి కన్నీటి లోయ అని పేరు. చీకటి లోయలో రోగులు, బీదలు, వృద్ధులు, కిరీటధారులు కూడ క్రిక్కిరిసి ఉన్నారు. దూరాన, లోయ చివర, సిలువ మోసిన క్రీస్తు వెలుగులో నిలిచి వారిని పిలుస్తున్నాడు. భారం మోసేవారికి విశ్రాంతి వాగ్దానంచేసిన ఆ ప్రభువు రూపం పటంలో మిక్కిలి చిన్నది. ముఖలక్షణాలు సరిగా కనిపించవు. అయినా లోయలోని కన్నులన్ని ఆయనవైపే తిరిగియున్నవి. నలుబది ఏండ్ల వయస్సులో కష్టంమీద నేర్చిన నిమ్మళాన్ని ఏబది ఏండ్లు దాటిన ఆ చేయి ఇక్కడ శ్రమలేకుండ చూపించింది.

ఆ పటంమీద 1883వ సంవత్సరపు తేదీ ఉన్నది. అదే సంవత్సరం జనవరి 23న గుండెజబ్బుతో డోరే పారిస్‌లో కన్నుమూశాడు. వయస్సు 51 సంవత్సరాలు. పెర్ లషేజ్ శ్మశానవాటికలో ఆయనను సమాధిచేశారు. డ్యూమా స్మారకశిల్పం ఆవిష్కరణను ఆయన చూడలేదు.

ఆయన మిక్కిలిగా కోరిన వర్ణచిత్రకారుని కీర్తి బ్రదికియుండగా స్వదేశంలో లభించలేదు. ప్రేతోర్యపు మెట్లమీది క్రీస్తు పటం ఎన్నో దేశాలు దాటి, చివరకు ఆయన పుట్టిన స్ట్రాస్‌బర్గ్ నగరపు కళాప్రదర్శనశాలకు చేరింది. 1918లో ఆ నగరం తిరిగి ఫ్రాన్సులో కలసినది. పొట్టకూటి పనిగా ఆరంభించి, మెట్టుగా మాత్రమే భావించిన పుస్తకచిత్రాలు మాత్రం ఆయనను ఎరుగని దేశాలకు కూడా పోయినవి. డిమిల్ వంటి చలనచిత్ర దర్శకులు సముద్రం చీలే దృశ్యాన్ని ఊహించేటప్పుడు ఆ పుటలనే త్రిప్పిచూశారు.

మనుష్యుడు తన హృదయంలో ఒకదానిని గొప్పదిగా ఎంచుకొంటాడు; దేవుడు అతని చేతులలోని మరొకదానిని తీసికొని వాడుకొంటాడు. దిమ్మమీది బొమ్మ నశించిన తరువాతనే పుటమీది చిత్రం వెలుగు చూచినట్లు, డోరే కోరిక భంగమైనచోటనే ఆయన సేవ ఫలించింది. ఆదివారపు మధ్యాహ్నం ఆ పెద్ద గ్రంథాన్ని విప్పిన పిల్లవాడు చిత్రకారుని నిరాశను ఎరుగడు. మొదటి పుటలో మేఘాలను చీల్చుకొని నీళ్లమీద పడే తొలివెలుగును చూచి, ప్రక్కపుటలోని వాక్యాన్ని చదవడానికి వ్రేలు పెట్టేవాడు.